వెనక సీటు చూసి కొన్న బండి

పొద్దున ప్రార్థన ముగించి కళ్లు తెరుస్తుంటే తమ్ముడి ఫోన్ వచ్చింది. వనపర్తి దవాఖాన నుంచి. "అక్కా" అన్నాడు. నేనే అడిగాను, "పోయిందా?" అని. "పోయిందక్కా" అన్నాడు.

పోయింది మా మరదలు, తమ్ముడి భార్య. జ్వరం అన్నారు. రక్తంలో కణాలు పడిపోతున్నాయన్నారు, ఎక్కించారు, నిలబడతాయనుకున్నాం. నిలబడలేదు. నాకంటే చాలా చిన్నది. దేవునితో వాదించే అలవాటు నాకు లేదు. ఆ రోజు మళ్లీ కళ్లు మూసుకున్నాను గాని ఏం అడగాలో తెలియలేదు.

మాది అమరచింత. తమ్ముడు మేస్త్రి. గోడలు కట్టడానికి పుణె దాకా పోయి నెలల తరబడి అక్కడే ఉండి వచ్చేవాడు. నేను పెళ్లి వద్దనుకొని, చర్చి బడిలో పాఠాలు చెప్పుకుంటూ వాళ్ల ఇంట్లోనే ఉండిపోయాను. కాబట్టి ఆమె కాపురం మొగుడితో కంటే ఆడబిడ్డతోనే ఎక్కువ సాగింది. వచ్చిన చుట్టాలకు నన్ను చూపించి, "నన్ను జేస్కున్నది ఆయన, ఏలుకుంటున్నది ఈమె" అనేది. నవ్వుతూనే అనేది. నేను నవ్వకపోతే, "జర నవ్వు వదినె, నిజమనుకుంటరు" అనేది.

ఆమె జాకెట్లు కుట్టేది. కుట్టినవాటిని చుట్టుపక్కల ఊళ్లకు తానే తీసుకపోయి ఇచ్చేది. అందుకు ఒక చిన్న స్కూటరు ఉండేది. మనిషి పొట్టి. బండి కూడా ఆమె ఎత్తుకు తగ్గదే. ఎక్కడన్నా ఆపితే దిగేది కాదు. పీట మీద కూర్చున్నట్టు దాని మీదే కూర్చొని, సంచిలోంచి జాకెట్టు తీసి, చంక దగ్గర ఎంత వదులు పెట్టిందో విప్పి చూపించేది. బేరమాడేవాళ్లతో బేరం, బాధ చెప్పుకునేవాళ్లతో బాధ, అన్నీ ఆ బండి మీదనే అయ్యేవి.

నేను వెనక కూర్చుంటే మాత్రం ఆ బండికి ఆయాసం. నా కుడి మోకాలు అరిగిపోయింది. వెనక కాలు పెట్టుకునేది మరీ పైకి ఉండి, మోకాలు కడుపులోకి వచ్చేది. గుంట వచ్చినప్పుడల్లా నేను "ప్రభువా" అనేదాన్ని. "నువ్వు ప్రార్థన జేస్కో వదినె, నేను బ్రేకు జూస్కుంట" అనేది ముందు నుంచి.

ఒకసారి లైనింగ్ గుడ్డ కోసం ఇద్దరం గద్వాల పోతున్నాం. కృష్ణ మీద కట్టిన జూరాల ప్రాజెక్టు మీదికి రాగానే గాలి పట్టుకుంది. బండి పక్కకు జరగడం నాకు తెలుస్తూనే ఉంది. ఆమె ఆపి, "దిగు వదినె" అంది. ఇద్దరం నడిచాం. బండిని చేత్తో నడిపించుకుంటూ నా పక్కన వచ్చింది. నా కొంగు ఎగిరి ఆమె మొహానికి చుట్టుకుంటోంది.

"గిట్ల ఎగిరి నీళ్లల్ల పడితే జూరాల శాపలకు పండుగే. పెద్ద బండి గావాలె" అంది.

"ఎందుకు పెద్దది? ఆత్మకూరు పోయి వస్తే చాలదా?"

"ఆత్మకూరు కోసం గాదు. అయిజ పోత. ఒక్కదాన్నే పోత."

అయిజ ఆమె పుట్టిల్లు. తల్లి ఇప్పటికీ అక్కడ పత్తి చేలల్లో పనికి పోతుంది. మా ఇంటి నుంచి గద్వాల దాటి పోవాలి. అంత దూరం ఆ చిన్న బండి మోయలేదు. బస్సున్నది గదా అన్నాను.

"బస్సు దాని యాల్లకు పోతది. పెండ్లయినప్పటి సంది ఒకరు తోల్కపోతే పోవుడు, ఒకరు తోల్కొస్తె వచ్చుడు. నాకు బుద్ధి పుట్టినప్పుడు పోయి, మా అమ్మ ఇంటి ముందల హారన్ కొట్టాలె. బుద్ధి పుట్టినప్పుడు మర్లి రావాలె."

కొంచెం దూరం నడిచాక మళ్లీ అంది: "ప్రార్థనల బండి మాట గూడ పెట్టు వదినె. నీ మాట తొందరగ ముడుతది."

పెట్టాను. పెట్టి ఊరుకున్నాను. ఆమె ఊరుకోలేదు. దారిలో ఏ ఆడమనిషి బండి మీద కనబడినా ఆపి అడిగేది. మైలేజీ ఎంత, గుంటల్ల దబదబ కొట్టుకుంటదా, పొద్దున సెల్ఫు పడతదా, కాళ్ల దగ్గర బియ్యం మూట పడతదా. చిన్న బండికి, మరీ పెద్ద బండికి నడుమ ఉండేది కావాలనేది. జూరాల గాలికి ఆగాలి, తాను తోస్తే కదలాలి. తమ్ముడు పుణె నుంచి ఫోన్ చేసినప్పుడల్లా మైలేజీ గురించే చెప్పేవాడు. "పెట్రోలు బంకోడు నీకేమన్న బామ్మర్దా, గంత పరేషానెందుకు" అని ఫోను నాకిచ్చేది.

తమ్ముడు వచ్చాక ముగ్గురం వనపర్తి షోరూంకు పోయాం. అక్కడ ఆమె చేసిన పని నాకు ఇంకా కళ్లకు కట్టినట్టుంది. సేల్సు అతను బండి చూపించి "కూర్చోండి మేడం" అంటే, ఆమె పోయి వెనక సీటు మీద కూర్చుంది.

"ముందు కూర్చోవాలి మేడం."

"ముందల నువ్వు కూసో తమ్మి. నేను ఇప్పుడు మా వదినెను."

అతను నవ్వి కూర్చున్నాడు. ఆమె ఒక పక్కకు కూర్చుంది. దిగి, రెండు పక్కలా కాళ్లు వేసి కూర్చుంది. మోకాలు ఎంత వంగుతుందో చేత్తో తడిమి చూసుకుంది. పట్టుకోవడానికి వెనక కడ్డీ ఉందా అని చూసింది. "బండి నడిపేటోళ్లు తమ సుకం తాము సూస్కుంటరు. ఎనక కూసునేటోళ్లది ఎవరు సూడాలె?" అంది. ప్రతి బండి దగ్గరా ఇదే. తమ్ముడు సిగ్గుపడి బయటికి పోయి నిలబడ్డాడు.

అక్కడ ఒక నీలం బండి ఉండేది. ఇంజను తక్కిన వాటిలాంటిదే, సీటు మాత్రం కిందికి ఉంది. దాని ముందు సీటు మీద ఒక్కసారి కూర్చుంది. కూర్చొని హ్యాండిల్ పట్టుకొని, అటూ ఇటూ తిప్పి, నా వైపు చూసి నవ్వింది. కొత్త చీర కట్టుకొని అద్దంలో చూసుకున్నప్పుడు వచ్చే నవ్వు. తర్వాత వెనక్కి తిరిగి చూసింది. వెనక సీటు ఇరుకు. "ఇది ఒక్కదానికే" అని దిగింది.

కొన్నది దాని పక్కనున్న బూడిద రంగుది. పెద్ద టైర్లు, పొడుగు సీటు. నేను వెనక కూర్చుంటే మోకాలు కిందికే ఉంది, నొప్పి లేదు. ఆ మాట చెప్పాను కూడా. ఆమె ముందు కూర్చుంది. తమ్ముడు లోపలికి వచ్చి, "కాళ్లు అందుతున్నయా?" అని అడిగాడు.

"అందుతున్నయ్" అంది.

"అలవాటైతది మేడం" అన్నాడు సేల్సు అతను. అందకపోతే అనే మాట అది. ముగ్గురం విన్నాం.

బండి బయటికి తెచ్చేసరికి షోరూం వాళ్లు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి ఉన్నారు. మేము ప్రార్థన చేయించుకునేవాళ్లం. తమ్ముడు ఇబ్బంది పడి నా మొహం చూశాడు. "నిమ్మకాయ నలుగుతది గని దేవుడు నలుగడు, పోనియ్యి" అని ఆమే బండి ముందుకు తీసింది. ఆదివారం చర్చి అయ్యగారు హ్యాండిల్ మీద చెయ్యి పెట్టి ప్రార్థించారు. నేనూ ఆమెన్ అన్నాను. అడిగింది దొరికిందనుకున్నాను.

ఆ బండి నన్ను చాలా చోట్లకు తిప్పింది. బస్సు మెట్లు ఎక్కలేక మానుకున్న ప్రార్థన కూడికలకు మళ్లీ పోయాను. గద్వాలలో కళ్లు చూపించుకున్నాను. తిమ్మాజిపేటలో నా చిన్ననాటి స్నేహితురాలి ఇంటికి పోయి రెండు రోజులుండి వచ్చాను. జూరాల మీద గాలి వీచినా బండి కదలలేదు. "ఎట్లున్నది వదినె?" అని ముందు నుంచి అడిగేది. "మంచం మీద కూర్చున్నట్టుంది" అనేదాన్ని. ఆమెకు ఎట్లున్నదో నేను అడిగినట్టు గుర్తు లేదు.

ఆమెకు ఒక కొత్త అలవాటు వచ్చింది. ఎక్కడ ఆపినా ఒక రాయి పక్కనో, అరుగు పక్కనో, రోడ్డు అంచు ఎత్తుగా ఉన్నచోటో ఆపేది. అవి లేకుంటే ఇంకొంత దూరం పోయి ఆపేది. "ఇంటి ముందర ఆపవేమే?" అంటే "గాడ నీడున్నది" అనేది. బండి మీద కూర్చొని జాకెట్టు విప్పి చూపించడం మానేసింది. స్టాండు వేసి దిగి, లోపలికి పోయి మాట్లాడి వచ్చేది. ఒకసారి ఆత్మకూరులో నేను దిగుతుంటే బండి పక్కకు వాలింది. ఎవరో వచ్చి పట్టుకున్నారు. "జర ఒరిగింది, అంతే" అంది. అంతేననుకున్నాను.

అయిజకు మాత్రం ఆ బండి మీద పోలేదు. తల్లి ఫోన్ చేసేది. "బండి కొన్నవంట గద బిడ్డ, ఎప్పుడొస్తవు?" "వస్తనే అమ్మ, వాన ఎలవనీ." వాన వెలిసింది. పత్తి ట్రాక్టర్లు తగ్గనీ అంది. తగ్గాయి. గద్వాల దాటినంక రోడ్డు మీద గొర్ల మందలు ఎక్కువ, ఊకె ఆపాలె అంది. చివరికి ఎప్పటిలాగే బస్సులో పోయి వచ్చేది. తమ్ముడు ఎగతాళి చేసేవాడు. "ఒక్కదాన్నే పోత, హారన్ కొడ్త అంటివి. బండి మీ వదినెకు కొన్నవా, నీకు కొన్నవా?"

"ఇద్దరికి గలిపి కొన్న. ఎనక సగం ఆమెది."

ముందు సగం సంగతి మేము అడగలేదు.

సమాధి చేసి వచ్చిన మరుసటి రోజు గుమ్మం దగ్గర ఊడుస్తుంటే ఆమె చెప్పులు కనిపించాయి. బండి నడిపేటప్పుడు వేసుకునేవి. పక్కకు పెడదామని తీశాను. వేళ్ల వైపు అరిగి, అడుగు పోయి, బొక్క పడి ఉంది. మడమల వైపు గీత కూడా చెరగలేదు. కొత్తవిలా ఉంది. చీపురు పక్కన పెట్టి అక్కడే కూర్చున్నాను.

నిమ్మళంగా చెప్పాలనుకున్న మాట ఒకటే ఉంది. చదివేవాళ్లలో ఎవరన్నా చిన్న బండి మార్చి కొంచెం పెద్దది తీసుకోవాలనుకుంటే, ఇంజను తర్వాత అడగండి, రంగు తర్వాత చూడండి. నడపబోయే మనిషిని ముందు సీటు మీద కూర్చోబెట్టి, మీరు కిందికి వంగి మడమలు చూడండి. అందుతున్నాయా అని నోటితో అడగకండి. అందుతున్నాయనే అంటారు. మన ఇళ్లల్లో ఆడవాళ్లు అట్లానే అంటారు. నేను బండి కోసం ప్రార్థించాను. దాన్ని నడిపే మనిషి పాదాలు నా ప్రార్థనలోకి రాలేదు.

జ్ఞాపకార్థ కూడిక అయ్యాక, ఆమె తల్లిని చూసి వద్దామని తమ్ముడూ నేనూ ఆ బండి మీదే అయిజ బయలుదేరాం. తమ్ముడు పొడుగు. ఆపిన ప్రతిచోటా వాడి పాదాలు నేల మీద నిండుగా ఆనుతున్నాయి. నేను అటు చూడకుండా ఉండాలనుకున్నాను.

గద్వాలలో గాలి కొట్టించడానికి ఆగాం. పక్కనే సీటు కవర్లు వేసే దుకాణం. ముందర ఒకాయన స్కూటర్ సీటు ఊడదీసి, ఒళ్లో బోర్లా పెట్టుకొని, కవరు ఒలిచి, పొడుగు కత్తితో స్పాంజి కోస్తున్నాడు. పొట్టిగా ఉన్న ఒక పిల్ల, నర్సు కావచ్చు, తెల్ల కోటు చేతి మీద వేసుకొని నిలబడి చూస్తోంది.

"ఎందుకు కోస్తున్నవయ్యా?" అన్నాను.

"కాళ్లు అందుతలేవంటమ్మ. జర తగ్గిస్తున్న."

"అట్లా తగ్గించొచ్చా?"

"ఎందుకు రాదు? రెండు వేళ్ల మందం తీస్తే సాలు. చానామంది ఆడోళ్లు జేపిచ్చుకుంటరు."

కొంచెం ఆగి అడిగాను. "వెనక సీటు?"

"ఎనకది ముట్టనమ్మ. అది అట్లనే ఉంటది. ముందలదే కోస్త."

తమ్ముడు నా వెనకే నిలబడి ఉన్నాడు. వాడు విన్నాడని తెలుసు. నెమ్మదిగా అన్నాడు. "మెట్టు ఎంత ఎత్తుండాలె అని మంది ఇండ్లల్ల చెప్పెటోన్ని అక్కా. ముసలోళ్లుంటే ఇంత, పిల్లలుంటే ఇంత అని."

నేను వాడి చెయ్యి పట్టుకున్నాను.

సీటాయన కవరు మళ్లీ లాగి బిగించి, పిన్నులు కొట్టి, సీటు బండికి ఎక్కించాడు. "కూసో బిడ్డ, సూడు" అన్నాడు. ఆ పిల్ల కూర్చుంది. రెండు మడమలూ నేలకు ఆనాయి. ఒకసారి కిందికి చూసుకొని, బండిని కాళ్లతోనే వెనక్కి తోసి, మళ్లీ ముందుకు తోసింది. తెల్ల కోటు డిక్కీలో పెట్టి, మా ముందు నుంచే అయిజ రోడ్డు మీదికి తిరిగి పోయింది.

కోసిన స్పాంజి ముక్క దుకాణం ముందర పడి ఉంది. పచ్చగా, రొట్టె ముక్కలా. వంగి తీసుకున్నాను. రెండు వేళ్లు, అంతే మందం. అరచేతిలో పెట్టుకుంటే బరువే లేదు. గాలి వీచింది. అది నా చేతిలోంచి లేచి, రోడ్డు మీద పడి, దొర్లుకుంటూ పోయింది.