మూడు వారాల్లో ఒక వారం

గోదావరిఖనిలోని ఆ క్రైస్తవ వేదాంత కళాశాలలో విద్యార్థుల తరఫున అకడమిక్ కమిటీలో కూర్చోవడానికి 2007 ఆగస్టులో ఎవరూ ముందుకు రాలేదు. జీతం లేని పని. పైగా ప్రిన్సిపాల్ ఎదుట నోరు విప్పవలసిన పని. చివరికి జమున లేచి తన పేరు రాసుకోమంది. ఆమె రసాయనశాస్త్రంలో డిగ్రీ చదివింది. పగలు ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెప్పి, సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది వరకు ఇక్కడ చదువుకునేది.

తరగతిలో పద్నాలుగు మంది. వారిలో తొమ్మిది మంది బొగ్గు గని కార్మికులు. గనిలో షిఫ్టు వారానికొకసారి మారుతుంది. మధ్యాహ్నం మూడింటికి దిగి రాత్రి పదకొండింటికి పైకి వచ్చే రెండో షిఫ్టు వారంలో వాళ్లు తరగతికి రాలేరు. మూడు వారాల్లో ఒక వారం పోతే మిగిలే హాజరు నూటికి 66.67. పరీక్షకు కావలసింది 75.

ఆ తొమ్మిది మందిలో పెద్దవాడు రాయమల్లు. వయసు యాభై ఎనిమిది. సెంటినరీ కాలనీలోని చిన్న ప్రార్థన మందిరంలో పదకొండేళ్లుగా వాక్యం చెబుతున్నాడు. ఈ ఏడు పరీక్ష పాసై సర్టిఫికెట్ చూపకపోతే మార్చి నుంచి అక్కడికి వేరొకరిని పంపుతామని ఆ మందిరాన్ని నడిపే మిషన్ ఆయనకు ఉత్తరం రాసింది.

"నువ్వే అడుగు బిడ్డా. నేను మాట్లాడితె కమిటోళ్లు నిద్రపోతరు," అన్నాడు రాయమల్లు.

"డెబ్బై ఐదు కాదు, అరవై ఐదు చెయ్యమని అడుగుత కాకా. కాయితం మీద రుజువు సూపిస్త."

తొమ్మిది మందీ గనిలో డ్యూటీ చేసిన తేదీలన్నీ ఆమె సేకరించి, తరగతికి ఎవరెవరు వచ్చారో తను రాసుకున్న లెక్క పక్కన పెట్టింది. పద్దెనిమిది వారాలు, తొంభై తరగతులు. అందులో రాయమల్లు రాగలిగినవి అరవై, వచ్చినవీ అరవై. రెండుసార్లు సరిచూసి, డిసెంబరు రెండో వారంలో పట్టికను కమిటీ ముందు పెట్టింది. హాజరు తీసుకునే సదయ్య సార్‌కు ముందుగా చూపాలన్న ఆలోచన ఆమెకు రాలేదు.

ప్రిన్సిపాల్ పట్టిక చదివి రిజిస్టరు తెప్పించాడు.

"ఈ నెల మూడో తేదీన రాయమల్లు ఎక్కడున్నాడమ్మా?"

"రెండో షిఫ్టులో ఉన్నాడు సార్."

"ఇక్కడ హాజరు పడి ఉంది."

రిజిస్టరులో రాయమల్లుకు ఎనభై ఒక్క రోజులున్నాయి. తక్కిన ఎనిమిది మందికీ డెబ్బైకి పైనే. వాళ్లు గనిలో ఉన్న సాయంత్రాలు సదయ్య సార్ ఎవరికీ చెప్పకుండా, ఆ కార్మికులకు సైతం చెప్పకుండా, హాజరు వేస్తూ వచ్చాడు. జమున పట్టిక కోసం చెయ్యి చాచింది. ప్రిన్సిపాల్ దాని మీద అరచెయ్యి ఆనించాడు.

అరవై ఐదు సంగతి పై బోర్డుకు రాస్తామన్నారు. అంతవరకు ఆమె పట్టికే ప్రమాణమన్నారు. తొమ్మిది మందికీ పరీక్ష లేకుండా పోయింది. సదయ్య సార్‌ను హాజరు పని నుంచి తప్పించారు. వరండాలో ఎదురైనప్పుడు ఆయన ఒక్కటే మాట అన్నాడు: "నాకొక్కసారి సూపియ్యకపోతివమ్మా."

కార్మికుల్లో చిన్నవాడైన పోశం తరగతి గుమ్మంలోనే అందుకున్నాడు: "మంచిగ లెక్క జేసినవ్ అక్కా. తొమ్మిది మందిల ఒక్కడు సుత మిగులకుంట."

రాయమల్లు మాత్రం అడగవలసింది అడిగాడు. "రావలసిన దినాలల్ల నేనొక్కటన్న పోగొట్టుకున్ననా?"

"లేదు కాకా. అరవైకి అరవై."

"ఇగ దానికి నువ్వేం జేస్తవ్, నేనేం జేస్త," అని సైకిలెక్కాడు.

బోర్డు నుంచి జవాబు రాలేదు. మార్చి రెండో ఆదివారం జమున సెంటినరీ కాలనీకి వెళ్లింది. మందిరంలో మంచిర్యాల నుంచి వచ్చిన యువకుడు వాక్యం చెబుతున్నాడు. రాయమల్లు లేడు. ఆమె రాయమల్లు ఉండే క్వార్టరుకు వెళితే ఆయన భార్య సారవ్వ పీట వేసింది.

"డ్యూటీకి పోయిండు బిడ్డా. పదకొండేండ్లల్ల ఆదివారం డ్యూటీ ఒక్కటి సుత చెయ్యలే. ఇప్పుడు అడిగి మరీ పోతుండు."

జమున కూర్చుంది. ఆయన పైకి వచ్చేది ఎన్నింటికని అడిగింది.