నూటికి ఇరవై తగ్గి, నూటికి ఇరవై పెరిగితే

లెక్కల మామ ఇక లేడని ఫోన్ వచ్చేసరికి, ఉప్పర్వాహి సిమెంటు ఫ్యాక్టరీలో డ్యూటీ దిగి చంద్రపూర్ బస్సులో కూర్చుని ఉన్నాను. ఏడుపు కూడా రాలేదు. ఒళ్ళంతా అలసట, దాని మీద ఇదొకటి.

ఆయన మాకు చుట్టం కాదు, పక్కింటాయన. మరాఠీ బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యాడు. బడిలో మరాఠీలో బుర్రకెక్కనిది మా వాడ తెలుగు పిల్లలం సాయంత్రం ఆయన దగ్గర తెలుగులో నేర్చుకునేవాళ్ళం. ఎవరు నూటికి ఇంత అన్నా "ఎంతల?" అని, అంటే ఎంత మొత్తంలో అని, అడ్డం పడేవాడు. కూరగాయలవాణ్ణీ వదిలేవాడు కాదు మహానుభావుడు!

ఒక ఎండాకాలం నీళ్ళ రంజన్ కుండలో ఇరవై ఐదు గ్లాసులు పోయించి, "నూటికి ఇరవై తియ్యుండ్రి" అన్నాడు. ఐదు తీశాం.

"ఇప్పుడు ఉన్నదాంట్ల నూటికి ఇరవై పొయ్యుండ్రి."

నాలుగే పోయాల్సి వచ్చింది.

"బరాబర్ అయిందా?"

"ఒక గ్లాసు తక్కువుంది మామా."

"మరి? తగ్గినంక మిగిలేదే తక్కువాయె. దాంట్ల ఇరవై అంటే గంతే వస్తది."

తప్పు జవాబును ఆయన ఏనాడూ పోనివ్వలేదు. అన్నం చల్లారినా సరే, దిద్దాకే లేచేవాడు.

పోయిన ఏడాది ఆయాసం ముదిరింది. ఊపిరి నూటికి ఇరవై తగ్గిందన్నాడు డాక్టరు. మందులు వాడాక, అప్పుడున్న దాని మీద నూటికి ఇరవై పెరిగిందన్నాడు. ఆయన్ని ఇంటికి తీసుకొచ్చి అదే మాట ఆయన భార్య అత్తమ్మకు చెప్పాను.

"ఇరవై పాయె, ఇరవై వచ్చె. బరాబర్ అయిండు! దేవుడు సల్లగ సూశిండు" అంటూ ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకుంది.

నేను నోరు తెరవబోతే మామ నా చెయ్యి నొక్కాడు.

"అవునే, బరాబరే" అన్నాడు.

ఆవిడ వంటింట్లోకి వెళ్ళాక, "ఉండనీరా. కడుపునిండ తినక శాన దినాలాయె అది" అన్నాడు మెల్లగా.

తర్వాత మళ్ళీ తగ్గింది, కాస్త పెరిగింది, మళ్ళీ తగ్గింది. పెరిగిన ప్రతిసారీ అత్తమ్మ సంబరపడింది. ఆయన ఒక్కసారీ దిద్దలేదు. ఆ మనిషికి అదెంత కష్టమో నాకు తెలుసు.

నిన్న వాళ్ళింటికి వెళ్ళాను. నన్ను చూడగానే అత్తమ్మ బావురుమంది.

"బరాబర్ అయిండన్నరు గద బిడ్డా. మల్ల ఎట్ల పోయిండు?"

జవాబు నాకు తెలుసు; మామ నొక్కిన చేత్తోనే ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. పడుకుంటే ఊపిరాడక ఆయన ఆనుకుని కూర్చునే నిద్రపోయిన రెండు దిండ్లు ఇంకా గోడకు నిలబెట్టే ఉన్నాయి.