వెంట్రుకంత కాలువలో రెండు నీళ్లు

మా వదిన పోయిందని శుక్రవారం పొద్దున ఎమ్మిగనూరు నుంచి ఫోన్ వచ్చింది. స్టవ్ ఆపాను. పప్పు మీద మూత పెట్టాను. ఆరేసిన బట్టలు తీసి మడతపెట్టి, మా ఆయనతో కలిసి ఆదోనిలో బస్సెక్కాను. దారిలో ఏం మాట్లాడుకున్నామో గుర్తు లేదు.

ఆమె మా ఆయనకు అక్క. ఎమ్మిగనూరు కాలేజీలో ఫిజిక్స్ చెప్పేది. ఆదివారాలు మా ఇంటికొచ్చి వంటింటి బల్ల మీద తన చిప్పు పెట్టేది. తపాలా బిళ్లంత మెత్తటి ముక్క, అద్దంలా ఉంటుంది. లోపల వెంట్రుకంత సన్నని కాలువ. ఒక పక్క నుంచి ఎర్రనీళ్లు, ఇంకో పక్క నుంచి మామూలు నీళ్లు వదిలితే రెండూ పక్కపక్కనే నడుస్తాయి, మధ్యలో గీత. ఆ గీత నడిమధ్యన నిలిస్తేనే, బోరునీళ్లలో ఫ్లోరైడ్‌ను ఒక్క చుక్కతో చూసే చిప్పు చేయగలననేది.

పంపు లేదు. అడుగున గొట్టం అతికించిన రెండు సీసాలను కిటికీ చువ్వకు దారాలతో వేలాడదీసేది. సీసా ఎత్తితే ఆ నీళ్లు జోరుగా పోతాయి, దించితే నెమ్మదిస్తాయి. దారం పట్టుకోవడం నా పని.

మొదటిరోజు గీత ఒక పక్కకు జరిగిపోయింది.

"స్కేలు పెట్టి సమంగా కట్టినా కదా వదినా!"

"సీసాలు సమముంటే ఏం లాభమే? దీంట్లో సగం నీళ్లే ఉండాయి. నీళ్ల మట్టం సూడు. పెండ్లి పందిరికి కట్టినట్ల ఎంత ముద్దుగా కట్టినావో!"

గాలిబుడగ ఇరుక్కుంటే మాత్రం నవ్వేది కాదు. గీత చెదిరిపోయేది, మళ్లీ మొదలు. ఒక్క క్లాసంతసేపైనా గీత నిలిపి పిల్లలకు చూపించాలన్నదే ఆమె ఆశ. మరిగించి చల్లార్చిన నీళ్లయితే బుడగలు రావేమో అన్నాను, చివరి ఆదివారం.

"ఇన్నాళ్లు యాడ పెట్టుకున్నావే ఈ మాట? వచ్చే వారానికి కాసి పెట్టు."

ఆ వారం రాలేదు.

దినాలయ్యాక ఆమె విద్యార్థిని ఒకమ్మాయి మా ఇంటికొచ్చింది. "చిప్పు మా ల్యాబులోనే ఉందమ్మా. సీసాలు కట్టేది మీకొచ్చని మేడం చెప్పేది, మాకెవురికీ రాదు."

నీళ్లు మరిగించాను, చల్లార్చాను, కాలేజీకి తీసుకెళ్లాను. క్లాసులో పిల్లల ముందు సీసాలు కట్టాను. ఎర్ర సీసాను వేలెడు దించాను. గీత నడుమకొచ్చి నిలిచింది. బుడగ రాలేదు. క్లాసు అయిపోయిందని గంట కొట్టారు. పిల్లలెవరూ లేవలేదు. నేను దారం వదల్లేదు. చిప్పు నుంచి బయటికొచ్చే గొట్టం అంచున లేత ఎరుపు చుక్క ఒకటి ఉబ్బుతూ, ఇంకా రాలకుండా ఉంది.