మూలలు చూడమన్న టీచర్

పోయిన మంగళవారం పొద్దున మా పెద్ద టీచర్ చనిపోయారు. సైదాబాద్ నుంచి వాళ్లబ్బాయి ఫోన్ చేసి, "అమ్మ పోయింది ఆంటీ" అన్నాడు. నిద్రలోనే గుండె ఆగిందట. "స్కూలుకు సెలవు చెప్పి వస్తా" అన్నాను.

లాడ్ బజార్ వెనక గల్లీలో, ఒక పాత ఇంటి కింది గదుల్లో మా ప్రైమరీ స్కూలు నడిచేది. అద్దె ఇల్లు. ఇద్దరమే టీచర్లం. మాతోపాటు ఒక ఆయమ్మ. పిల్లలంతా హమాలీల, రోడ్లు ఊడ్చేవాళ్ల బిడ్డలు.

నాలుగో తరగతికి ఆకారాల పాఠం పెద్ద టీచరే చెప్పేవారు. బోర్డు మీద బొమ్మ గీసి సరిపెట్టడం ఆమెకు రాదు. చీపురుపుల్లలను సమానంగా విరిచి, కొసలను సైకిల్ ట్యూబు ముక్కలతో కలిపి పిల్లల చేతికిచ్చేవారు. మూడు పుల్లలది ఎంత నెట్టినా కదిలేది కాదు. నాలుగు పుల్లలది వేలితో తాకితే చాలు, పక్కకు ఒరిగేది. "భుజాలు అవే ఉన్నయ్, చతురస్రం మాత్రం పోయింది. ఏం మారింది బిడ్డా?" అనేవారు. పిల్లలు తలలు గోక్కుని గోక్కుని, చివరికి ఎవరో ఒకరు "మూలలు టీచర్!" అని అరిచేవారు. ఆ జవాబు ఆమె నోటి నుంచి నేనెన్నడూ వినలేదు. పాఠం చెప్పడమంటే ఏమిటో నేను నేర్చుకున్నది ఆ గది గుమ్మంలో నిలబడే.

తర్వాత దారం ముక్కలు పంచేవారు. దీర్ఘచతురస్రంలో ఎదురెదురు మూలలను కలిపే రెండు గీతలూ సమానమని పిల్లలే కొలిచి తెలుసుకోవాలి. పలక, పుస్తకం, కిటికీ, ఏది దొరికితే అది. "కొలవకుండ నమ్మొద్దు. నేను జెప్పినా నమ్మొద్దు."

ఒక వానాకాలం అట్లా కొలుస్తున్న పిల్ల ఒకతి, "టీచర్, మన దర్వాజకు ఈ మూలకు సరిపోయిన దారం ఆ మూలకు సాల్తలేదు" అంది. క్లాసంతా నవ్వింది. పెద్ద టీచర్ నవ్వలేదు. స్టూలెక్కి తానే దారం పట్టారు. ఒక గీతకూ ఇంకో గీతకూ రెండు వేళ్ల తేడా. ఆ తలుపు ఏటా వానలకు పట్టేసేది, ఏటా వడ్రంగిని పిలిచి అంచు చెక్కించేవాళ్లం. చెక్క ఉబ్బిందనుకున్నాం గానీ, గోడ ఒరుగుతోందని అనుకోలేదు. "పాత ఇల్లు కద అక్కా, గట్లనే ఉంటది" అన్నాను నేను. వారం తర్వాత కొలిస్తే తేడా మూడు వేళ్లయింది.

ఇంటి ఓనరు వచ్చి చూసి, "మా తాత కట్టిన ఇల్లు మేడం, ఏం ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాడు. పై ఆఫీసుకు రాసిన ఉత్తరానికి జవాబు రాలేదు. ఇక ఆగకుండా ఆమె పిల్లలను గల్లీ చివర గుడి మండపంలోకి మార్చేశారు. అనుమతి లేకుండా ఎందుకు మార్చారని అడిగే కాగితం మాత్రం నాలుగు రోజుల్లోనే వచ్చింది. "నౌకరి పోతే పోనీ" అని దాన్ని మడిచి సంచిలో పెట్టుకున్నారు.

మండపానికి మారిన పన్నెండో రోజు ముసురు పట్టింది. మండపంలోకి జల్లు కొట్టి నేలంతా తడిసింది, పిల్లలు వణుకుతున్నారు. ఆమె ఆయమ్మను పిలిచి, "స్కూల్ల చాపలున్నయ్, రెండు పట్టుకరా" అన్నారు. ఆయమ్మ కొంగు తలమీద వేసుకుని ఉరికింది. మేము ఎక్కాలు చెప్పిస్తున్నాం. చప్పుడు విని బయటికొచ్చేసరికి, అంత వానలోనూ గల్లీ నిండా దుమ్ము. స్కూలు గోడ ఆయమ్మ మీద కూలింది, మనిషి దక్కలేదు.

పిల్లల్లో ఒక్కరికీ గీత పడలేదు. బస్తీవాళ్లు పెద్ద టీచర్‌కు శాలువా కప్పుతామన్నారు. ఆమె వెళ్లలేదు. మూడోరోజు ఇద్దరం ఆయమ్మ ఇంటికి వెళ్లాం. ఆయమ్మ భర్త ఆటో నడిపేవాడు. కూర్చోమనలేదు. "పిల్లలు పోవద్దన్న గోడ కిందికి నా పెండ్లాన్ని ఎట్ల పంపినవ్ మేడం?" అని అడిగాడు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో పెద్ద టీచర్, "పిల్లల పానాలే యాదికొచ్చినయ్ చెల్లె. ఆమె పానం యాదికి రాలే" అన్నారు.

స్కూలు వేరే భవనంలోకి మారింది. రిటైరయ్యేదాకా ఆమె ఆ పాఠం మానలేదు, దారం పట్టించడమూ మానలేదు. కానీ చాప ఒక్కటి కూడా ఇంకొకరితో మోయించలేదు. మోకాళ్లు పట్టుకుని వంగి తానే పరిచి, సాయంత్రం తానే చుట్టేవారు. నేను అందుకోబోతే, "నువ్వుండు" అనేవారు. ఆ మాట కటువుగా ఉండేది.

మంగళవారం సైదాబాద్‌లో పాడె కడుతుండగా ఇంటి ముందు ఒక ఆటో వచ్చి ఆగింది. జుట్టంతా నెరిసినా గుర్తుపట్టాను. ఆయమ్మ భర్త. ఇన్నేళ్లలో ఆయన ఆమెతో మళ్లీ మాట్లాడింది లేదు. దగ్గరికి వెళ్లి, "లోపలికి రా అన్నా" అన్నాను.

"వద్దమ్మా. గీడనే ఉంట."

దండ తేలేదు. దండం పెట్టలేదు. ఇంజను ఆపి సీట్లోనే కూర్చున్నాడు. పాడె లేచినప్పుడు మాత్రం కిందికి దిగి చెప్పులు విడిచాడు. నేను ఆడవాళ్లతో కలిసి వీధి చివరిదాకా వెళ్లి వెనక్కి తిరిగాను. జనం వెళ్లిపోయిన ఆ రోడ్డు మీద, ఎండకు కాలిన తారు మీద, ఆయన ఉత్త కాళ్లతో ఇంకా అట్లాగే నిలబడి ఉన్నాడు.