ఆయన ఏం మొక్కిండో

నేను పాఠాలు చెప్పిన బడి మెదక్ ఊరి చివర ఉండేది. శివరాత్రికి ఏడుపాయల దుర్గమ్మ జాతరకు వెళ్లేవాళ్లలో కొందరు అక్కడికి రాగానే తారు రోడ్డు వదిలి పొలాల్లోకి దిగిపోయేవాళ్లు. తరగతి కిటికీలోంచి ఏళ్ల తరబడి చూశాను. ఆ దారి ఎటునుంచి ఎటు పోతుందో తెలుసుకోవాలని ఉండేది. మేము చర్చికి పోయేవాళ్లం, జాతర అలవాటు ఇంట్లో లేదు. ఎవరినైనా అడిగితే, ఆటోలు తిరుగుతుంటే ఆ దారెందుకు అనేవాళ్లు. రిటైరయ్యాక, ఈ వేసవిలో, ఒక తెల్లవారుజామున నీళ్ల సీసా, నాలుగు చపాతీలు సంచిలో వేసుకుని ఒక్కదాన్నే బయలుదేరాను.

వరి కోసిన మళ్లలో దారి మాటిమాటికీ మాయమయ్యేది. గట్టు మీద నిలబడి వెతికితే ఎక్కడో రాయి మీద పసుపు మరక కనిపించేది, లేదా ముళ్లపొదకు చిక్కి వెలిసిపోయిన ఎర్రగుడ్డ పేలిక. శివరాత్రికి నడిచినవాళ్లు వదిలిన గుర్తులు. వాటిని పట్టుకునే అడవి అంచుకు చేరాను. తునికి పండొకటి కోసుకు తిన్నాను. తీపి, వెనకే వగరు. నా అడుగుల చప్పుడు, అప్పుడప్పుడు కౌజు పిట్టల అరుపు తప్ప ఏమీ వినిపించలేదు.

ఎండ ముదిరాక ఒక పెద్ద బండ నీడన కూర్చున్న ఆడమనిషి కనిపించింది. తల మీద కొంగు, పక్కన స్టీలు క్యాను.

"ఎటు పోతున్నవమ్మా?" అన్నాను.

"దుర్గమ్మ కాడికి. మీరు తొవ్వ తప్పిండ్రా?"

"లేదు, నేనూ అక్కడికే. ఈ తొవ్వ ఎట్లుంటదో చూద్దామని."

"సూసుటానికా?" అంది. నా మెడలోని సిలువ చూసింది. జరిగి చోటిచ్చింది. నేను చపాతీ పెడితే ఆమె క్యానులోంచి మజ్జిగ పోసింది.

ఆమెది శివ్వంపేట దిక్కు పల్లెటూరట. మెదక్ దాకా బస్సులో వచ్చి నడక మొదలుపెట్టింది. నిరుడు వానకాలంలో భర్త పోయాడు.

"దవఖానల ఉన్నప్పుడు అన్నడు, దుర్గమ్మకు మొక్కిన, మరువకు అని. ఏం మొక్కినవంటే కండ్లు మూసుకున్నడు. మల్ల మాట్లాడలే."

"మరి ఏం మొక్కిండో నీకెట్ల తెలుస్తది?"

"అమ్మనే అడుగుత. జాతరల గడబిడ ఉంటది, ఇనిపించదు. గందుకే గిప్పుడొచ్చిన. ఆయన ఏటా గీ తొవ్వనే నడిచేటోడు."

అమ్మవారి మీద పువ్వు పెట్టి ఒక్కొక్కటే అడుగుతారట. అవునంటే పువ్వు కుడివైపు రాలుతుందట. నేనింతవరకు వినని సంగతి. ఎవరు పెడతారు, ఎంతసేపు చూడాలి, ఎడమవైపు పడితే ఏమిటని అడుగుతూ ఆమె వెంట నడిచాను. ఆమె విసుక్కోకుండా చెప్పింది.

గుడి పక్క మంజీర నది ఎండిపోయి ఇసుక, బండలు, అక్కడక్కడ మడుగులు. గుడిలో మేం తప్ప భక్తులు లేరు. ఆమె చెప్పింది విని పూజారి పువ్వు పెట్టాడు.

"యాటపోతునా?" అంది ఆమె. పువ్వు కదల్లేదు.

"కోడినా?" కదల్లేదు.

"తల ఎంట్రికలా?"

లేదు.

"బోనమా?"

పువ్వు కుడివైపు రాలింది. పూజారి తల ఊపాడు. ఆమె మాత్రం పైకి చూసింది. ఫ్యాను తిరుగుతోంది.

"అయ్యగారూ, జర ఫ్యాను బందు చేయుండ్రి. మల్ల అడుగుత."

ఆయన ఒకసారి ఆమె ముఖం చూసి, వెళ్లి స్విచ్చి ఆపాడు, కొత్త పువ్వు పెట్టాడు. ఆమె యాట దగ్గర నుంచి అన్నీ మళ్లీ అడిగింది. చెమట కళ్లలోకి కారుతున్నా నేను పువ్వు మీంచి చూపు తిప్పలేదు. బోనమా అన్నాక చాలాసేపు ఏమీ కాలేదు. పూజారి ఏదో అనబోయాడు. అప్పుడు పువ్వు జారింది, కుడివైపే.

"బోనమేనట," అంది నాతో. "యాట మొక్కేటంత ధైర్యమేడిది ఆయనకు." నవ్వింది, ఆ నవ్వులోనే కొంగుతో కళ్లు తుడుచుకుంది.

దుకాణంలో కొత్త కుండ, బియ్యం, పాలు, బెల్లం కొన్నది. ఒడ్డున మూడు రాళ్లు పెట్టింది. నేను పుల్లలు ఏరుకొచ్చాను.

"మీ దేవుడు గిట్ల అడిగితే చెప్తడా?" అంది పొయ్యి ఊదుతూ.

"నేనెప్పుడూ అడగలేదు."

"అడగకుంటే ఎట్ల ఎరుకైతది?"

నేను ఇంకో రెండు పుల్లలు పొయ్యిలోకి తోశాను. అన్నం ఉడికాక ఆమె కుండ నెత్తికెత్తుకుని లోపలికి వెళ్లి, బోనం చెల్లించి వచ్చాక విస్తరిలో నాకూ వడ్డించింది. మడుగు పక్క బండ మీద కూర్చుని తిన్నాం.

"బెల్లం ఎక్కువైందా?"

"కొంచెం."

"ఆయనకు గంతే ఉండాలె," అని ఇంకో పిడికెడు పెట్టింది.