ఆరో వరుస

ప్రెస్సులో ఆవిడని అందరూ భూతద్దం అంటారు. మొహం మీదే అంటారు, ఆవిడా పలుకుతుంది. బడిపుస్తకాలు అచ్చేసే ఆ ప్రెస్సులో ముప్ఫై ఏళ్లుగా ప్రూఫులు దిద్దుతోంది. ఒక్క కామా తేడా వచ్చినా కంపోజింగువాళ్ల ప్రాణాలు తోడేసే మనిషి. అలాంటి మనిషి చేతిలోంచే ఇంత తప్పు జారిపోయిందంటే ఎవరికి చెప్పుకోవాలి, చెప్పండి!

చరిత్ర పుస్తకం మళ్లీ అచ్చుకి వెళ్తోంది. కంటి ఆపరేషన్ అయిన దగ్గర్నుంచీ ఆవిడ ప్రూఫులు ఇంటికి తెచ్చుకుని, పైకి చదువుకుంటూ దిద్దుతోంది. మంచం మీద తొంభై ఏళ్ల అమ్మ వింటూ పడుకుంటుంది. ఆ సాయంత్రం రెండు ప్రపంచ యుద్ధాల్నీ పక్కపక్కన పెట్టి పోల్చిన పట్టిక వచ్చింది. ఎన్నేళ్లు జరిగింది, ఏ ఆయుధాలు వాడారు, ఎలా ముగిసింది, అలా అయిదు వరుసలు సాఫీగానే వెళ్లాయి. ఆరో వరుస, ఎక్కువగా చనిపోయింది ఎవరు?

"మొదటి యుద్ధంలో మామూలు జనం, రెండో యుద్ధంలో సైనికులు" అని చదివింది.

"ఏమిటీ? మళ్లీ చదువు" అంది అమ్మ.

మళ్లీ చదివింది.

"అయితే మా అమ్మ సైనికురాలటే?"

భూతద్దం ఎర్రపెన్ను పక్కన పెట్టేసింది. అమ్మమ్మ కథ చిన్నప్పట్నుంచీ వెయ్యిసార్లు విన్నదే. రెండో యుద్ధం రోజుల్లో, ఎనిమిదేళ్ల అమ్మని ఇంకో బకెట్టు తెమ్మని ఇంటికి పంపి, వాళ్లమ్మ నీళ్ల పంపు దగ్గర వరుసలో నిలబడింది. పిల్ల తిరిగొచ్చేసరికి విమానాలు బాంబులేసి వెళ్లిపోయాయి. పంపూ లేదు, వరుసా లేదు.

మర్నాడు ప్రెస్సు బీరువాలో దుమ్ములో దేవులాడి పాత రాతప్రతి తీసింది. రాసినాయన సరిగ్గానే రాశాడు. కంపోజింగులో రెండు గళ్లూ తారుమారయ్యాయి. ప్రూఫు కింద తన పొట్టి సంతకమే, పదకొండేళ్ల కిందటిది. ఆవిడకి తల కొట్టేసినట్టయింది. పదకొండేళ్లపాటు పిల్లలు అదే బట్టీపట్టారు, మాష్టర్లు దానికే మార్కులేశారు, ఒక్కరంటే ఒక్కరు నోరెత్తలేదు!

మేనేజరు గదిలోకి ఉన్నపళంగా వెళ్లింది. ఆవిడకంటే పదేళ్లు చిన్నవాడు.

"ఇన్నేళ్లలో ఎవరైనా అడిగారా అక్కా?" అన్నాడు.

"మా అమ్మ అడిగింది."

"ఆవిడ ఏ క్లాసు?" అని నవ్వాడు.

ఆవిడకి ఒళ్లు మండిపోయింది. "అటుదిటు, ఇటుదటు వెయ్యడమే కదయ్యా! అయిదు నిమిషాల పని."

"పని అయిదు నిమిషాలే. మారిస్తే ఎందుకు మార్చామో పుస్తకాల కమిటీకి రాయాలి. ఇన్నేళ్లూ తప్పు చెప్పామని మనంతట మనమే ఒప్పుకోవాలా?"

"తప్పు నాది. నా పేరు మీదే రాయండి."

"చూద్దాంలెండి."

ఆ చూద్దాం నాలుగు రోజులు నడిచింది. పొద్దున్నే వెళ్లి ఆయన బల్ల ముందు నిలబడడం, ఆయన ఫోను చెవికి పెట్టుకోవడం. సాయంత్రం గుమ్మంలో అడుగు పెట్టగానే అమ్మ "మార్చారా?" అనేది. "రేపు మారుస్తారమ్మా" అని తప్పించుకునేది.

అయిదో రోజు కొత్త ప్రూఫు బల్ల మీదకొచ్చింది. పట్టిక శుభ్రంగా, ముచ్చటగా ఉంది. లెక్కపెట్టింది. అయిదే వరుసలు.

"తప్పు పోయింది, సంజాయిషీ బాధా పోయింది. ఎవరైనా అడిగితే జాగా చాల్లేదంటాం" అన్నాడు మేనేజరు, ఏదో మేలు చేసినవాడిలా.

ఆవిడ ఎర్రపెన్ను తీసి, పట్టిక కింద గుర్తు పెట్టి, ఆరో వరుస మొత్తం చేత్తో రాసింది. రెండో యుద్ధంలో మామూలు జనం అని కొంచెం గట్టిగానే ఒత్తి రాసింది. "ఇది లేకపోతే నేను సంతకం పెట్టను" అంది.

"మీ ఇష్టం" అని ఆయన ఇంకో కాపీ తెప్పించి, తనే సంతకం గీకి పంపేశాడు. మధ్యాహ్నానికి కింద మిషను మోత మొదలైంది. ఆవిడకి కోపమూ ఏడుపూ కలిసే వచ్చాయి. ముప్ఫై ఏళ్లు కామాల కోసం ఊరందరితో తగువులాడి, ఆఖరికి ఒక్క వరుస నిలబెట్టుకోలేకపోయింది.

ఇంటికెళ్లేసరికి అమ్మ మేలుకునే ఉంది.

"మార్చారా?"

"లేదమ్మా. వరుసే తీసేశారు."

అమ్మ తల ఇటు తిప్పింది. "ఏ వరుసే? నీళ్ల దగ్గరదా?"

భూతద్దం ఒక చెప్పు విప్పి, రెండోది విప్పకుండా అలాగే నిలబడిపోయింది.

"అవునమ్మా, అదే" అంది.