దిండుకు గిలి ఉండదు

ఎవరిని ముట్టుకోబోయినా ఆమె ముందు రెండు అరచేతులూ రుద్దుకుంటుంది. ఫిజియోథెరపీ కాలేజీలో నేర్పిన మొదటి పాఠం అది. చల్లటి చేత్తో రోగిని ముట్టకూడదు. మహమ్మారి వచ్చాక లోకమంతా చేతులు రుద్దుకుంది. ఇక ఆమెను ప్రత్యేకంగా చూసేదెవరు?

కాలేజీ మూతపడింది. పాఠాలు ఫోన్‌లోకి వచ్చాయి గానీ రోగులు రాలేదు. అమ్మకు తీరిక లేదు, నాన్నకు ధైర్యం లేదు. చివరికి పొడుగు దిండుకు చొక్కా తొడిగి, చేతుల్లో తువ్వాళ్లు కూరి, దాని భుజాన్ని ఎత్తుతూ దించుతూ సాధన చేసింది. నోట్లో నాలుక లేని రోగి. "నొప్పి లేదుగా? లేదు," అని రెండు వైపులా తనే మాట్లాడేది. అయ్యాక ఎత్తి మూలన నిలబెట్టేది.

ప్రాక్టికల్ పరీక్షకు మాత్రం ప్రాణమున్న మనిషే కావాలన్నారు. తప్పితే ఏడాది పోయినట్టే.

కుట్టుకొట్టు మూసి ఇంట్లో కూర్చున్న బాబాయే దిక్కయ్యాడు. ఆయనకు కుడి భుజం పట్టేసి చాలా కాలమైంది. దానికి తోడు గిలి. గోరు తగిలితే చాలు, ఒళ్లంతా నవ్వవుతుంది.

"ఊరందరి కొలతలూ తీశానమ్మా. నా మీద టేపు పడితే మాత్రం ఆగలేను."

"నువ్వు ఊరికే పడుకో బాబాయ్."

"అందులో నన్ను మించినవాడు లేడు. మీ పిన్నిని అడుగు."

పరీక్ష రోజు ఫోన్‌లో కాలేజీ మేడమ్ కనిపించారు. ఆమె చేతులు రుద్దుకుని బాబాయి చంక కింద చెయ్యి వేసింది. బాబాయి చేపలా ఎగిరిపడ్డాడు. నవ్వాపుకోలేక కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఆమె ఆగలేదు. "నొప్పి లేదుగా? లేదు," అనేసి, గబగబా ముగించి, అలవాటు కొద్దీ ఆయన్ని లేపి మూలన నిలబెట్టింది.

బాబాయి బుద్ధిగా నిలబడ్డాడు.

"ఆయన్ని అక్కడెందుకు పెట్టావమ్మా?" అన్నారు మేడమ్. తర్వాత రెండో మూలన ఉన్న చొక్కాను చూశారు. "ఆయనెవరు?"

"నా పాత పేషెంటు, మేడమ్."

మేడమ్ మార్కుల కాగితం పక్కన పెట్టారు. "చేతులు బాగానే నేర్చుకున్నాయి. మనిషిని అడగడమే రాలేదు. రేపు పొద్దున మళ్లీ చూస్తాను. అదే ఆఖరు."

ఫోన్ పెట్టేశాక మూలలోంచి బాబాయి, "ఇక కదలచ్చా?" అన్నాడు.

"నొప్పని చెప్పొచ్చు కదా బాబాయ్."

"చెప్పనిస్తేగా. నా జవాబు కూడా నువ్వే చెప్పేశావు."

మర్నాడు పొద్దున ఆమె దిండు చొక్కా విప్పి, దాన్ని మంచం మీద బాబాయి తల కింద పెట్టింది. మేడమ్ చూస్తుండగా చేతులు రుద్దుకుంది. ముట్టుకోకుండా, "గిలి రాకుండా ఉండాలంటే ఏం చెయ్యాలి బాబాయ్?" అని అడిగి ఆగింది.

బాబాయి తీరిగ్గా ఆలోచించాడు. ఆమె పెదవులు బిగించుకుని కూర్చుంది.

"నా చెయ్యి నాకు తగిలితే రాదు," అన్నాడు చివరికి.

ఆమె ఆయన ఎడమ చేతిని తన చేతి మీద వేసుకుని, పట్టేసిన భుజాన్ని మెల్లగా ఎత్తింది. "నొప్పిగా ఉందా?"

"ఇప్పుడుంది."

అక్కడే ఆపింది.

"పాసయ్యావు. ఆయన్ని మాత్రం మూలన పెట్టకు," అన్నారు మేడమ్.

ఆమె బాబాయికి కుర్చీ వేసింది.